లెడెన్‌హాల్ వీధి గుమాస్తా: విశ్రాంతి ఎవరి దయ?

ఇంగ్లీషు వ్యాస సాహిత్యం మాట వచ్చినప్పుడు ఛార్లెస్ లాంబ్‌ను తలచుకోకుండా వుండలేము. అక్క మేరీతో కలిసి అతను 1807లో ప్రకటించిన షేక్‌స్పియర్ కథలు ప్రపంచమంతటా పిల్లలు చదువుకున్నారు. 'డ్రీమ్ చిల్డ్రన్' వ్యాసాన్ని మన కాలేజీల్లో పాఠంగా చదివినవాళ్ళు ఎందరో వున్నారు. మృదువైన హాస్యం, పాత పుస్తకాల మీద మోజు, పోయినవాళ్ళ మీద బెంగ - లాంబ్ అంటే ఇదీ అని సాహిత్య చరిత్రకారులు ఒక బొమ్మ గీసి మనకు అప్పగించారు. ఈ బొమ్మ అబద్ధం కాదు. అయితే ఇందులో ఒక పెద్ద సంగతి మూలకు పోయింది. లాంబ్ 33 సంవత్సరాలు ఈస్టిండియా కంపెనీలో లెక్కల గుమాస్తాగా పని చేశాడు. రాసిందంతా ఆ పని నుంచి మిగిలిన పొద్దులో రాశాడు. యాభయ్యో ఏట ఆ పని మానుకున్నాడు. మానుకున్న కొద్ది వారాలకే, 1825 మే నెల 'లండన్ మేగజైన్'లో 'ది సూపరాన్యుయేటెడ్ మాన్' అనే వ్యాసం ప్రకటించాడు. పదవీ విరమణ చేసిన మనిషి అని దాని అర్థం.

ఆ వ్యాసానికి రెండు వందల ఏళ్ళు నిండాయి. అందులోని ప్రశ్న మాత్రం ముసలిది కాలేదు. నలభై దాటని మనిషి కూడా ఇంకెన్నేళ్ళు ఈ చాకిరీ అని లెక్క వేసుకోవటం ఇప్పుడు బళ్ళల్లో, బ్యాంకుల్లో, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మామూలు విషయమైంది. ఇంటి అప్పు ఎప్పటికి తీరుతుంది, పిల్లల చదువుకు ఎంత కావాలి, చేతిలో ఎంత వుంటే రేపటి నుంచి రానని చెప్పవచ్చు - ఇవన్నీ కాగితం మీద కూడికలు, తీసివేతలు. ఈ లెక్కను ఎవరికి వారు రహస్యంగా వేసుకుంటారు. అలసట తన సొంత బలహీనత అనుకుంటారు, విడుదల తన సొంత తెలివితేటల మీద ఆధారపడి వుందనుకుంటారు. ఈ రెండు నమ్మకాలూ చరిత్ర ముందు నిలబడవు. అలసటను తయారు చేసేది పని ఏర్పాటు. విడుదల ఎవరికి, ఎప్పుడు, ఎవరి సొమ్ముతో అన్నది నిర్ణయించేది చట్టం, అధికారం. లాంబ్ జీవితాన్నీ అతని వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఈ సంగతి తేటపడుతుంది.

బల్ల దగ్గరికి వచ్చిన దారి

లాంబ్ 1775లో లండన్‌లో పుట్టాడు. తండ్రి ఒక న్యాయవాది దగ్గర గుమాస్తాగా, నౌకరుగా బతికిన మనిషి. పేద పిల్లలకు చదువు చెప్పే క్రైస్ట్స్ హాస్పిటల్ బడిలో లాంబ్ చదివాడు. కోల్‌రిడ్జ్ అక్కడే అతనికి స్నేహితుడయ్యాడు. కోల్‌రిడ్జ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. నత్తి వున్న లాంబ్‌కు ఆ దారి మూసుకుపోయింది. 1792 ఏప్రిల్‌లో, పదిహేడేళ్ళ వయసులో, అతను లెడెన్‌హాల్ వీధిలోని ఈస్టిండియా హౌస్‌లో లెక్కల శాఖలో చేరాడు. మొదటి మూడేళ్ళు జీతం లేదు, ఏదో పారితోషికం కింద కొద్దిపాటి సొమ్ము ఇచ్చేవాళ్ళు. ఉద్యోగం ఇవ్వటమే ఉపకారమన్న భావన మొదటి రోజు నుంచే వుందన్నమాట.

1796 సెప్టెంబరు 22న ఆ ఇంట్లో ఘోరం జరిగింది. కుట్టుపని చేసి చేసి, మంచాన పడ్డ తల్లికి సేవ చేసి చేసి నలిగిపోయిన మేరీ, మతి చలించిన స్థితిలో కత్తితో తల్లిని చంపింది. అంతకు ముందటి చలికాలంలో లాంబ్ కూడా ఆరు వారాలు పిచ్చాసుపత్రిలో గడిపి వచ్చినవాడే. ఇరవై ఒక్కేళ్ళ ఆ యువకుడు అక్కను జీవితాంతం శాశ్వతంగా ఆసుపత్రికి అప్పగించకుండా తన పూచీ మీద ఇంట్లో వుంచుకుంటానని మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. జబ్బు తిరగబెట్టినప్పుడల్లా ఆమెను ఆసుపత్రిలో చేర్చాలి, డబ్బు కట్టాలి. కాబట్టి ఆ ఉద్యోగం అతనికి కేవలం భుక్తి కాదు. అక్క స్వేచ్ఛకు అతను నెలనెలా కట్టిన జామీను. విసుగు పుట్టినా వదలలేని ఉద్యోగం అంటే ఇదీ. ఇంట్లో ఆధారపడ్డ మనిషి వున్న ప్రతి ఉద్యోగికీ ఈ కట్టు సంగతి వివరించనక్కరలేదు.

అలసట స్వరూపం

లాంబ్ జీతం తక్కువేమీ కాదు. 1790లలో ఏడాదికి కొద్ది పదుల పౌండ్లతో మొదలై, 1825 నాటికి 730 పౌండ్లకు చేరింది. కాబట్టి అతని గోడు ఆకలి గోడు కాదు, కాలం గోడు. తేయాకు, నీలిమందు, బట్టల వేలాల లెక్కలు పెద్ద పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించటం అతని పని. ఆ సరుకును అతను చూడడు, దాన్ని తయారు చేసిన మనిషిని చూడడు. అంకెను మాత్రమే చూస్తాడు. పైగా పాతకాలంలో పండగలకూ పుణ్యదినాలకూ దొరికే సెలవులు ఒక్కొక్కటే రద్దవుతూ వచ్చాయి. దీని మీద అతను వ్యాసాల్లో నవ్వుతూ ఏడ్చాడు. 1819లో 'వర్క్' అనే పద్యం రాసి, పని అనే దాన్ని కనిపెట్టిన వాడెవడని నిలదీశాడు. 1822 మార్చిలో వర్డ్స్‌వర్త్‌కు రాసిన లేఖలో, ముప్పై ఏళ్ళు గడిచినా తన మెడ ఈ కాడికి అలవాటు పడలేదని మొర పెట్టుకున్నాడు. కాడి దిగటానికీ కాటికి పోవటానికీ నడుమ కొన్నేళ్ళు దొరికితే చాలని అతని కోరిక.

'సూపరాన్యుయేటెడ్ మాన్'లో గుమాస్తా పడే బాధ వర్ణన ఇంకా నిశితంగా వుంటుంది. పగలు చేసిన చాకిరీ చాలక రాత్రి నిద్రలో కూడా అదే చాకిరీ. ఎక్కడో అంకె తప్పు వేశానన్న భయంతో ఉలిక్కిపడి లేవటం. ఏడాదికి ఒకసారి దొరికే వారం సెలవు, రాకముందు ఊరిస్తుంది, వచ్చాక ఎలా వాడుకోవాలో తెలియని కంగారులో కరిగిపోతుంది. ఆదివారం విశ్రాంతి దినమే గాని, రేపు సోమవారమన్న నీడ దాని మీద పడే వుంటుంది. ఈ వివరాలు రాసింది హాస్య రచయితే. కాని ఇది హాస్యం కాదు, ఒక రోగి వాంగ్మూలం.

లాంబ్ చనిపోయిన పదేళ్ళకు, 1844 నాటి రాతప్రతుల్లో, కార్ల్ మార్క్స్ ఈ స్థితికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. పనిలో వున్నప్పుడు మనిషి తనకు తాను పరాయివాడు, పని బయటనే అతను తనవాడు అన్నది ఆ పరాయీకరణ భావనలో ముఖ్యాంశం. మార్క్స్ దృష్టి ప్రధానంగా కర్మాగారం మీద వుంది. లాంబ్ సాక్ష్యం వల్ల మనకు తెలిసేదేమంటే, సిరా మరక తప్ప ఒంటికి మసి అంటని గుమాస్తా కూడా ఆ లెక్కలోకి వస్తాడని. ఇరవయ్యో శతాబ్దంలో వైద్యులు దీనికి వేరే పేరు పెట్టారు. 1974లో అమెరికాలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త ఉచిత వైద్యశాలల్లో సేవాభావంతో పనిచేసే వాళ్ళు క్రమంగా మండి బూడిదయ్యే తీరును వర్ణిస్తూ 'బర్నవుట్' అన్న మాట వాడాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన వర్గీకరణలో చేర్చినప్పుడు ఒక విషయం స్పష్టం చేసింది: ఇది జబ్బు కాదు, పనికి సంబంధించిన పరిణామం. అంటే మనిషిలో లోపం కాదు, పని చేయించే పద్ధతిలో లోపం. లాంబ్ అనుభవం అదే మాట చాలా ముందుగా చెప్పింది.

దీనికి ఎదురు ఉదాహరణ ఆ భవనంలోనే దొరుకుతుంది. జాన్ స్టువర్ట్ మిల్ 1823లో అదే ఈస్టిండియా హౌస్‌లో చేరి, 1858 దాకా పనిచేశాడు. భారతదేశానికి పంపే ఉత్తర్వుల ముసాయిదాలు రాసే శాఖ అతనిది. తన మేధోవ్యాసంగాల నడుమ ఆఫీసు పని ఒక విశ్రాంతిలా వుండేదని మిల్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఒకే కప్పు కింద ఒకరికి విశ్రాంతి అయిన ఉద్యోగం ఇంకొకరికి చెర ఎందుకైంది? స్వభావ భేదం కొంత కావచ్చు. కాని ముసాయిదా రాసేవాడికి తన పని మీద కొంత పెత్తనం వుంటుంది, అంకెలు ఎక్కించేవాడికి వుండదు. అలసట గంటల లెక్కలోనే కాదు, ఈ పెత్తనం లేకపోవటంలో కూడా వుంది.

వదలమని తనకు, వదలవద్దని మిత్రుడికి

అంత విసిగినవాడు ముందే ఎందుకు మానుకోలేదని సాహిత్య విద్యార్థికి తోచవచ్చు. రాయగలిగినవాడు, పత్రికలు అడిగి రాయించుకునేవాడు, కలం మీద బతకవచ్చు గదా! దీనికి లాంబ్ స్వయంగా ఇచ్చిన జవాబు వుంది. బెర్నార్డ్ బార్టన్ అనే కవి ఉడ్‌బ్రిడ్జ్‌లో ఒక బ్యాంకులో గుమాస్తా. ఉద్యోగం వదిలి రచనతోనే బతకాలని అతనికి ఆలోచన వచ్చింది. 1823 జనవరిలో లాంబ్ అతనికి చాలా ఘాటైన లేఖ రాశాడు. పుస్తక వ్యాపారుల దయ మీద బతకటం కన్నా దారుణమైన బానిసత్వం లేదని, ఎందరో ప్రతిభావంతులు ఆ గుమ్మాల దగ్గర నలిగిపోయారని, బ్యాంకును గట్టిగా పట్టుకొని వుండమని దాని సారాంశం.

తన బల్లను శపించినవాడే మిత్రుడికి బల్లను అంటిపెట్టుకొమ్మని చెప్పటం వైరుధ్యంగా కనిపిస్తుంది. నిజానికి ఇది వైరుధ్యం కాదు, వాస్తవిక దృష్టి. పద్దెనిమిదో శతాబ్దపు జమీందారీ పోషకులు తెరమరుగై, పుస్తకం పూర్తిగా మార్కెట్ సరుకు అవుతున్న కాలం అది. రచయితకు రెండే దార్లు మిగిలాయి: పగలు ఇంకొకరి లెక్క రాసి రాత్రి తన రాత రాసుకోవటం, లేదా రాతనే ఇంకొకరి లెక్క చేయటం. లాంబ్ మొదటి దారినే ఎన్నుకున్నాడు. మన తెలుగు రచయితల్లో బడిపంతుళ్ళూ గుమాస్తాలూ ఇంతమంది వుండటానికి కూడా మూలం ఇదే. ఉద్యోగం వాళ్ళ రచనకు శత్రువు, పోషకుడు కూడా. ఈ రెండో సంగతి మరిచిపోయి స్వేచ్ఛ గురించి మాట్లాడితే అది కల అవుతుంది. మొదటి సంగతి మరిస్తే బానిసత్వాన్ని పొగిడినట్లవుతుంది.

వ్యాసంలో దయ, దస్తావేజులో చట్టం

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. వ్యాసంలో కథ ఇలా నడుస్తుంది. గుమాస్తా ఒక ప్రైవేటు వ్యాపార సంస్థలో 36 ఏళ్ళుగా వున్నాడు. ఒకనాడు యజమానుల్లో ఒకరు అతని ముఖం వాడిపోయిందని గమనించి అడుగుతారు. అతను ఆరోగ్యం బాగా లేదని నోరు జారతాడు. ఇక తనను పంపించేస్తారని వారం రోజులు హడలిపోతాడు. చివరికి పిలుపు వస్తుంది. లోపల యజమానులంతా కొలువుతీరి వుంటారు. అతని సేవలను మెచ్చుకుని, జీతంలో మూడింట రెండు వంతులు బతికినంత కాలం ఇస్తామంటారు. అతను నోట మాట రాక, కృతజ్ఞతతో వంగి వంగి బయటికి వస్తాడు.

జరిగింది వేరు. 1824-25 చలికాలంలో లాంబ్ జబ్బు పడ్డాడు. తనే రాజీనామాకు దరఖాస్తు పెట్టాడు. పని చేసే శక్తి లేదని వైద్యుల చేత ధ్రువపత్రాలు రాయించుకున్నాడు. వారాల తరబడి జవాబు కోసం ఎదురు చూశాడు. 1825 మార్చి 29న కంపెనీ డైరెక్టర్లు తీర్మానం చేశారు. 33 ఏళ్ళ నమ్మకమైన సేవ, ధ్రువీకరించిన అనారోగ్యం, 730 పౌండ్ల ఆదాయం - వీటిని పేర్కొని, 1813 నాటి పార్లమెంటు చట్టం ప్రకారం ఏడాదికి 450 పౌండ్ల పెన్షను మంజూరు చేశారు. అందులో అక్క భద్రత కోసం 9 పౌండ్లు మినహాయించగా అతని చేతికి వచ్చేది 441 పౌండ్లు.

రెండు కథనాలనూ పోల్చండి. దస్తావేజులో దరఖాస్తు వుంది, వైద్య ధ్రువపత్రం వుంది, చట్టం వుంది. వ్యాసంలో ఈ మూడూ లేవు. వాటి స్థానంలో దయగల యజమాని వచ్చాడు. కళాత్మకంగా ఈ మార్పు వ్యాసానికి మేలే చేసింది. అనుకోని విడుదల ఇచ్చే తల తిరుగుడు దానివల్లే సాధ్యమైంది. ఉన్న కంపెనీ పేరు పెట్టి రాయలేని ఇబ్బంది కూడా అతనికి వుండి వుంటుంది. అయినా విమర్శకుడు అడగవలసిన ప్రశ్న మిగిలే వుంటుంది: తాను పోరి, అడిగి, రుజువు చూపి తెచ్చుకున్న దాన్ని దయగా చిత్రించాలని రచయితకు ఎందుకు తోచింది? ఎందుకంటే ఆనాటి గుమాస్తా ఊహలో పెన్షన్ అంటే యజమాని ఔదార్యమే. జీతమే దయగా మొదలైన చోట విశ్రాంతి హక్కుగా కనిపించదు. రచయిత తన కాలపు భావజాలాన్ని ఎంత ఎగతాళి చేసినా, తనకు తెలియకుండానే దాని భాషలో మాట్లాడే చోటు ఒకటి వుంటుంది. లాంబ్ వ్యాసంలో ఆ చోటు ఇది.

ఇంకొక సంగతి. అలసట ఒక్కటే చాలలేదు, దానికి జబ్బు అన్న పేరు కావలసి వచ్చింది. విసిగిపోయాను అంటే తప్పు, రోగినయ్యాను అంటే ఒప్పు. మన ప్రభుత్వ సర్వీసు నిబంధనల్లో 'ఇన్‌వాలిడ్ పెన్షన్' అనే మాట వుంది. వైద్యుడు పనికిరాడని రాసి ఇస్తేనే అది దొరుకుతుంది. లెడెన్‌హాల్ వీధి నుంచి మన తాలూకా ఆఫీసు దాకా ఆ కాగితం నడిచి వచ్చింది.

ఆ 441 పౌండ్లు ఎవరివి?

లాంబ్ జీవిత చరిత్రల్లో మామూలుగా కనిపించని ప్రశ్న ఒకటి మనం అడగాలి. అడగవలసినవాళ్ళం మనమే. ఎందుకంటే అతను లెక్కలు రాసిన సరుకులో మన కోరమండల్ తీరపు బట్ట కూడా వుంది. మచిలీపట్నానికి ఇంగ్లీషు కంపెనీ 1611లోనే వచ్చింది. ఇంజరంలో, నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో దానికి బట్టల కొఠీలు వుండేవి. మాధవాయపాలెం పేరు ఇంగ్లీషు నోట 'మడపొలం' అయి, ఒక రకం బట్టకు పేరుగా మిగిలిపోయింది. కంపెనీ నేతగాడికి బయానా ఇచ్చేది. బయానా తీసుకున్నవాడు ఇంకొకరికి అమ్మటానికి వీలులేదు, ధర కంపెనీ చెప్పిందే. అలిసిపోయిన నేతగాడికి రాజీనామా లేదు. మగ్గం వదిలి ఊరు విడిచి పోవటమే అతనికి తెలిసిన విరమణ. 1813 చట్టంతో భారత వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యం పోయి, లాంకషైర్ మిల్లు బట్ట దిగి, ఆ మగ్గం కూడా మూలపడింది. లాంబ్‌కు పెన్షన్ వచ్చింది ఆ సంవత్సరపు చట్టం కిందనే. ఒకే చట్టం అక్కడ గుమాస్తాకు పెన్షన్, ఇక్కడ నేతగాడికి ఎసరు!

1833 చార్టర్ చట్టం కంపెనీ వ్యాపారాన్ని పూర్తిగా ఆపించింది. అప్పులనూ బాధ్యతలనూ, వాటాదార్లకు నూటికి పదిన్నర చొప్పున లాభాన్నీ భారత రాజస్వం మీద వేసింది. అంటే మన రైతు కట్టిన శిస్తు మీద. సరిగ్గా ఆ 1832-33లోనే గుంటూరు సీమను నందన కరువు ఊడ్చిపెట్టింది. ఆనాటి గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనంలో సుమారు రెండు లక్షల మంది చచ్చిపోయారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి.

దీనికి లాంబ్‌ను దోషిగా నిలబెట్టటం అన్యాయం. అతను కంపెనీకి యజమాని కాదు, దాని పనిముట్టు. కాని ఏ విశ్రాంతికైనా ఎవరో ఎక్కడో పనిచేస్తూ వుంటారు. తన విశ్రాంతికి మూలమైన శ్రమ ఎవరిదో కనపడకుండా దాచటమే లెక్కల పుస్తకం చేసే పని. 33 ఏళ్ళు ఆ పుస్తకం రాసినవాడికి కూడా అది కనపడలేదు.

విడుదల తరువాత

విరమణ తరువాత లాంబ్ సుఖపడ్డాడా? వ్యాసం చివర గుమాస్తా తోటల్లో తీరిగ్గా తిరుగుతూ, చేయవలసిన పని అయిపోయిందని తృప్తిపడతాడు. అయినా ఆ వ్యాసంలోనే అపశ్రుతులున్నాయి. పాత మిత్రులను చూడటానికి ఆఫీసుకు వెళితే, తన బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుని వుంటారు. వారాల తేడా పోయి, ఆదివారానికి వున్న రుచి కూడా పోతుంది.

నిజజీవితం ఇంకా కఠినంగా నడిచింది. 1826లో అతను బ్రిటిష్ మ్యూజియంలో పాత నాటకాలు చదవటం మొదలుపెట్టాడు. ఇది కూడా తనకు ఆఫీసు లాంటిదేనని, పది నుంచి నాలుగు దాకా అదే వేళలని, అలవాటుపడ్డ మనిషికి ఏదో ఒక క్రమమైన పని వుండాలని బార్టన్‌కు రాశాడు. కాడి దించాక మెడకు మళ్ళీ కాడి కావలసి వచ్చిందా? అలా అనుకోవటం తొందరపాటు. అతను వెతుక్కున్నది కాడిని కాదు, తన ఇష్టంతో చేసే పనిని. మనిషి పారిపోయేది పని నుంచి కాదు, పరాయి పని నుంచి. 1827లో ఎన్‌ఫీల్డ్‌కు మకాం మార్చాక లండన్ వీధులూ మిత్రులూ దూరమయ్యారు. మేరీ జబ్బు తరచు తిరగబెట్టింది, ఎక్కువ కాలం నిలిచింది. పల్లె నిశ్శబ్దం అతనికి విసుగైంది. 1834 డిసెంబరు 27న చనిపోయాడు. అతనికి దొరికిన స్వేచ్ఛ పదేళ్ళు కూడా నిండలేదు. ఎలియా పేరుతో రాసిన వ్యాసాల్లో మనం ఎక్కువగా తలచుకునేవి చాలా మటుకు బల్ల దగ్గర వున్న రోజుల్లో రాసినవే. దీన్నిబట్టి చాకిరీ రచనకు మంచిదని వాదించేవాళ్ళు వుంటారు. నేను చెప్పేది వేరు: విశ్రాంతి ఆలస్యంగా వచ్చింది. అప్పటికే మనిషిని బల్ల తినేసింది.

దయ నుంచి హక్కుకు, హక్కు నుంచి లెక్కకు

లాంబ్‌కు దొరికింది కొద్దిమందికే దొరికే సౌకర్యం. కార్మికుడికి వృద్ధాప్య పెన్షన్ రావటానికి 1889 దాకా ఆగవలసి వచ్చింది. ఎదుగుతున్న సోషలిస్టు ఉద్యమాన్ని చూసి బెదిరిన బిస్మార్క్ జర్మనీలో ఆ చట్టం తెచ్చాడు, 70 ఏళ్ళు నిండితేనన్నాడు. బ్రిటన్ 1908లో అదే వయసు పెట్టింది. అంతవరకు బతికేవాడెవడన్నది వేరే ప్రశ్న. మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ 1880లోనే 'సోమరితనపు హక్కు' రాసి, విశ్రాంతి బతుకు చివర కాదు, ప్రతి రోజులోనూ వుండాలని, రోజుకు మూడు గంటల పని చాలునని వాదించాడు. శీర్షికలోని వెటకారం చూసి నవ్విన వాళ్ళు అందులోని వాదానికి ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు.

మన దేశంలో 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ యజమాని దయతో ఇచ్చే దానం కాదని, ఉద్యోగి గతంలో చేసిన సేవకు దక్కవలసిన హక్కని స్పష్టం చేసింది. లాంబ్ వ్యాసంలోని దయగల యజమాని న్యాయశాస్త్రంలో ఆనాటితో చనిపోయాడనుకోవాలి. కాని విరమణ వేళను నిర్ణయించే అధికారం మాత్రం పైవాళ్ళ చేతిలోనే మిగిలింది. 1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించి, వేలాది మందిని ఒక్కసారిగా ఇంటికి పంపింది. 1984లో మళ్ళీ 58 అయింది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60, 2022లో 62; తెలంగాణలో 2021లో 61. వెళ్ళాలన్నవాడికి వయసు పెరిగింది, వుండాలన్నవాడికి ఒకనాడు తగ్గింది. 1991 తరువాత ప్రభుత్వరంగ సంస్థల్లో 'స్వచ్ఛంద' విరమణ పథకాలు వెల్లువెత్తాయి. 2020 జనవరి 31న ఒక్క బి.ఎస్.ఎన్.ఎల్. నుంచే 78 వేల మందికి పైగా అలా వెళ్ళిపోయారు. జీతాలు నెలల తరబడి ఆలస్యమైన తరువాత చేసిన సంతకంలో స్వేచ్ఛ ఎంతో పాఠకులే ఆలోచించాలి.

2004లో ఇంకొక మలుపు. కేంద్రంలో ఆ ఏడాది జనవరి నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో సెప్టెంబరు నుంచి కొత్తగా చేరినవాళ్ళకు పాత పెన్షన్ పోయి, మార్కెట్ మీద ఆధారపడే వాటా పెన్షన్ వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం తెచ్చిన ఏకీకృత పథకం కొంత హామీ ఇచ్చింది గాని, 25 ఏళ్ళు పనిచేసి ముందుగా వెళ్ళిపోయినవాడు కూడా అసలు విరమణ వయసు వచ్చేదాకా ఆ హామీ సొమ్ము కోసం ఆగవలసిందే.

హక్కు ఇలా పలచబడిన చోటనే సొంత లెక్క బలపడింది. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ సలహాదారు పాత మార్కెట్ అంకెలు పరిశీలించి, పొదుపు మొత్తంలో మొదటి ఏడాది నూటికి సుమారు నాలుగు చొప్పున తీసి, ఆపై ధరల పెరుగుదలను బట్టి పెంచుకుంటూ పోయినా ముప్పై ఏళ్ళు సరిపోతుందని చెప్పాడు. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెడితే ఉద్యోగం మానుకోవచ్చునన్న సూత్రం అక్కడ నుంచి వచ్చింది. అది ముప్పై ఏళ్ళ విరమణకు, అమెరికా మార్కెట్‌కు వేసిన లెక్క. నలభయ్యో ఏట మానుకునే హైదరాబాదు ఉద్యోగికి అది అక్షరాలా వర్తించదు. అంతకన్నా ముఖ్యం, ఏటా సగం జీతం మిగిల్చుకోగలిగిన వాడికే ఆ సూత్రం వుంది. కాంట్రాక్టు పంతులుకు, ఆశా కార్యకర్తకు, మగ్గం మీద మిగిలిన నేతగాడికి 25 రెట్ల మాట ఎగతాళిలా వినిపిస్తుంది.

లెక్క వేసుకునేవాణ్ణి నేను తప్పుపట్టటం లేదు. దారి లేనప్పుడు మనిషి తన దారి తాను చూసుకుంటాడు, లాంబ్ కూడా ధ్రువపత్రాలు కూడబెట్టుకున్నాడు. కాని ఒక్కొక్కరూ తప్పించుకుపోతే పని ఏర్పాటు మారదు. ఖాళీ అయిన బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. లాంబ్ స్వయంగా చూసి వచ్చిన దృశ్యం అదే. వేళల మీద, సెలవుల మీద, చేసే పని తీరు మీద ఉద్యోగికి మాట చెల్లాలి. అలసటను రోగమని రుజువు చేసుకోనక్కర లేకుండా విశ్రాంతి దొరకాలి. అది జీవితం చివర ఒక్కసారిగా కాక, నడుమ నడుమ దొరకాలి.

మన కథల్లో రైతు వున్నాడు, కూలీ వున్నాడు. ఆఫీసు మనిషి ఎక్కువగా లంచగొండిగానో, విదూషకుడిగానో వచ్చి పోతున్నాడు. రాత్రి నిద్రలో లెక్కలు తప్పుతున్న మనిషి, విరమణ తేదీని వేళ్ళ మీద లెక్కపెట్టుకునే పంతులమ్మ, ముప్పై ఎనిమిదో ఏట మానేయాలని పొదుపు చేస్తున్న సాఫ్ట్‌వేర్ కుర్రవాడు, అతని ఇంట్లో సెలవు లేకుండా పనిచేసే ఆవిడ - వీళ్ళు కూడా రావాలి. ఒకరి విశ్రాంతి ఇంకొకరి శ్రమతో ఎలా ముడిపడిందో ఆ కథలు చూపాలి. లాంబ్ తన బాధను దాచకుండా రాశాడు. అతని చూపు లెడెన్‌హాల్ గోడల దగ్గర ఆగింది. మాధవాయపాలెం మగ్గం దాకా చూడగలిగిన చోట మనం వున్నాం. అక్కడ నుంచి రాయటం మొదలుపెట్టాలి.